డాకర్ కనెక్ట్ కావట్లేదా? హోమ్ సర్వర్‌లో తెగిన చోటు పట్టుకునే పద్ధతి

పాత ల్యాప్‌టాప్ మీదో రాస్‌బెరీ పై మీదో డాకర్ (ఒక్కో యాప్‌ని కంటెయినర్ అనే విడి పెట్టెలో నడిపే ప్రోగ్రామ్) పెట్టి, సినిమాలకి జెల్లీఫిన్, ఫైళ్లకి నెక్స్ట్‌క్లౌడ్, యాడ్స్ ఆపడానికి పై-హోల్ నడుపుకునేవాళ్లు ఏదో ఒక రోజు "కనెక్ట్ కావట్లేదు" దగ్గర ఆగిపోతారు. ఆ ఒక్క మాట కింద ఒకదానికొకటి సంబంధం లేని జబ్బులు అరడజను దాకా ఉంటాయి. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే బాగున్నది కూడా చెడుతుంది. అందుకే ముందు ఎక్కడ తెగిందో చూడాలి, రిపేరు ఆ తర్వాతే.

ఇక్కడ చెప్పేదంతా డెబియన్, ఉబుంటు, రాస్‌బెరీ పై ఓఎస్ మీద ఆప్ట్‌తో పెట్టిన డాకర్ ఇంజిన్‌కి వర్తిస్తుంది. కమాండ్లు తెలుగు లిపిలో ఉన్నాయి, టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్దక్షరం కావాల్సిన చోట విడిగా చెప్పాం. హైఫన్లు, స్లాష్‌లు, కోలన్లు ఉన్నవి ఉన్నట్టే.

## 1. చెయ్యి పెట్టే ముందు

- ఎర్రర్ మొత్తాన్ని, చివరి అక్షరం దాకా, ఒక నోట్‌లో కాపీ చేసి పెట్టుకోండి. అసలు కారణం చాలాసార్లు చివరి ఐదారు మాటల్లోనే ఉంటుంది.
- ఆ ఎర్రర్ ఎక్కడ కనిపించిందో రాసుకోండి: సర్వర్ టెర్మినల్‌లోనా, ఫోన్ బ్రౌజర్‌లోనా, ఇంకో కంటెయినర్ లాగ్‌లోనా?
- నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? అప్‌డేట్, కరెంట్ పోవడం, రౌటర్ మార్చడం, కొత్త కంటెయినర్ పెట్టడం, వీపీఎన్ ఆన్ చేయడం.
- కంపోజ్ ఫైళ్లు (ఏ కంటెయినర్లు ఎలా నడవాలో రాసి ఉండేవి), వాటి పక్కనుండే .ఎన్వ్ ఫైల్, /ఈటీసీ/డాకర్/డీమన్.జేసన్: ఈ మూడింటికీ కాపీ తీసుకోండి.

చేయకూడనివి రెండున్నాయి. డాకర్‌ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయొద్దు, దానితో తీరే సమస్య దాదాపు ఉండదు. /వార్/లిబ్/డాకర్ ఫోల్డర్‌ని అసలు చెరపొద్దు. మీ వాల్యూమ్‌లు, అంటే ఫొటోల డేటాబేస్ దగ్గర్నుంచి పాస్‌వర్డ్ మేనేజర్ దాకా, అందులోనే ఉంటాయి.

## 2. ఎర్రర్ మాటను బట్టి ఏ సెక్షన్‌కి వెళ్లాలి

- "కెనాట్ కనెక్ట్ టు ద డాకర్ డీమన్": డాకర్ ఇంజినే లేవలేదు, లేదా మీ కమాండ్ తప్పు చోట వెతుకుతోంది. సెక్షన్ 3.
- "పర్మిషన్ డినైడ్" అని ఉండి, పక్కన డాకర్ సాకెట్ పేరు కనిపిస్తే: ఇంజిన్ బాగానే ఉంది, మీకు అనుమతి లేదు. సెక్షన్ 4.
- "క్లయింట్ వెర్షన్ ఈజ్ టూ ఓల్డ్": సెక్షన్ 5.
- బ్రౌజర్‌లో "కనెక్షన్ రెఫ్యూజ్డ్" లేదా "కనెక్షన్ రీసెట్": సెక్షన్ 6.
- కంటెయినర్ లాగ్‌లో "రెఫ్యూజ్డ్", "కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్", లేదా బ్రౌజర్‌లో "502 బ్యాడ్ గేట్‌వే": సెక్షన్ 7.
- "టైమ్డ్ అవుట్", "నో రూట్ టు హోస్ట్": సెక్షన్ 8.
- ఇమేజ్ (కంటెయినర్‌కి అచ్చు లాంటిది) దించుకునేటప్పుడు "నో సచ్ హోస్ట్", "టూ మెనీ రిక్వెస్ట్స్", సర్టిఫికెట్ ఎర్రర్: సెక్షన్ 9.

రెఫ్యూజ్డ్‌కీ టైమ్డ్ అవుట్‌కీ తేడా తెలిస్తే సగం పని అయినట్టే. తలుపు తడితే లోపల్నుంచి "ఇక్కడ అలాంటివాళ్లెవరూ లేరు" అని వెంటనే జవాబొస్తే అది రెఫ్యూజ్డ్. మీరు సరైన ఇంటికే వెళ్లారు, ఆ పోర్ట్ దగ్గర మాత్రం వినేవాళ్లు లేరు. ఎంతసేపు తట్టినా ఉలుకూ పలుకూ లేకపోతే టైమ్డ్ అవుట్. అంటే ఫైర్‌వాల్ మింగేస్తోంది, లేదా మీరు వెళ్లిన అడ్రసే తప్పు. రెఫ్యూజ్డ్ వచ్చినప్పుడు రౌటర్ సెట్టింగులు తిప్పడం, టైమ్డ్ అవుట్ వచ్చినప్పుడు కంటెయినర్‌ని పదిసార్లు రీస్టార్ట్ చేయడం, రెండూ వృథా శ్రమే.

## 3. డీమన్ లేవకపోతే

డాకర్ రెండు ముక్కలు. మీరు కొట్టే డాకర్ కమాండ్ ఒకటి, వెనకాల ఎప్పుడూ నడుస్తుండే డీమన్ ఇంకొకటి. రెండూ /వార్/రన్/డాకర్.సాక్ అనే సాకెట్ ఫైల్ ద్వారా మాట్లాడుకుంటాయి.

3.1 నడుస్తోందా?

`సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ డాకర్`

"యాక్టివ్ (రన్నింగ్)" అని ఉంటే 3.4కి వెళ్లండి. "ఇనాక్టివ్" అయితే `సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ డాకర్` కొట్టండి. ఇప్పుడు లేస్తుంది, ఇకమీద సర్వర్ ఆన్ అయినప్పుడల్లా కూడా లేస్తుంది. "ఫెయిల్డ్" అని ఉంటే లాగ్ చదవాల్సిందే.

3.2 లాగ్ చదవడం

`సుడో జర్నల్‌సీటీఎల్ -యు డాకర్ -ఎన్ 50 --నో-పేజర్`

చివర్లో "స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ" కనిపిస్తుంది. చాలామంది దాన్నే పట్టుకుని వెతుకుతారు. అది జబ్బు కాదు, మూడుసార్లు లేపి విసిగిపోయిన సిస్టమ్‌డీ (సర్వీసులని లేపే లినక్స్ ప్రోగ్రామ్) చెప్పే మాట. దానికి పైన ఉన్న వరుసల్లో "ఫెయిల్డ్ టు స్టార్ట్ డీమన్" ఎక్కడుందో చూడండి, కారణం ఆ వరుసలోనే ఉంటుంది.

సరిచేశాక `సుడో సిస్టమ్‌సీటీఎల్ రీసెట్-ఫెయిల్డ్ డాకర్` కొట్టి, తర్వాత స్టార్ట్ చేయండి.

3.3 ఎక్కువగా తగిలే కారణాలు

*డీమన్.జేసన్‌లో తప్పు.* చివరి వరుస తర్వాత ఒక కామా మిగిలిపోయినా, కొటేషన్ గుర్తు వంకరది పడినా డీమన్ లేవదు. ఫోన్‌లోంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే వంకర కొటేషన్లు పడతాయి. `సుడో డాకర్‌డీ --వ్యాలిడేట్` కొడితే ఫైల్ సరిగా ఉందో లేదో డీమన్‌ని లేపకుండానే తెలుస్తుంది.

*"హోస్ట్స్" రెండు చోట్ల.* ఇంకో కంప్యూటర్ నుంచి డాకర్‌ని నడపాలని డీమన్.జేసన్‌లో "హోస్ట్స్" వరుస పెడితే, సర్వీస్ ఫైల్‌లో అప్పటికే ఉన్న -హెచ్ (పెద్దక్షరం) తో గొడవపడి డీమన్ ఆగిపోతుంది. లాగ్‌లో "స్పెసిఫైడ్ బోత్ యాజ్ ఎ ఫ్లాగ్ అండ్ ఇన్ ద కాన్ఫిగరేషన్ ఫైల్" అని ఉంటుంది. ఆ వరుస తీసేయండి. 2375 పోర్ట్‌ని పాస్‌వర్డ్ లేకుండా తెరవడం అంటే ఇంటి తాళం గుమ్మానికే వేలాడదీసినట్టు. దూరం నుంచి నడపాలంటే ఎస్‌ఎస్‌హెచ్ ఉంది: `డాకర్ కాంటెక్స్ట్ క్రియేట్ ఇల్లు --డాకర్ "హోస్ట్=ఎస్‌ఎస్‌హెచ్://యూజర్@సర్వర్-ఐపీ"`. 'ఇల్లు' ఉన్నచోట మీకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు.

*డిస్క్ నిండిపోవడం.* `డీఎఫ్ -హెచ్` కొట్టండి. తర్వాత `డీఎఫ్ -ఐ` కూడా కొట్టండి, ఎందుకంటే చోటు ఉన్నా ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున ఖర్చయ్యేవి) అయిపోవచ్చు. నిండితే ముందు `సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎమ్` (ఈ ఎమ్ పెద్దక్షరం) తో కొంత ఖాళీ చేసి డీమన్‌ని లేపండి. తర్వాత `డాకర్ సిస్టమ్ డీఎఫ్` చూసి, `డాకర్ ఇమేజ్ ప్రూన్ -ఎ` తో వాడని ఇమేజ్‌లు తీసేయండి. `డాకర్ సిస్టమ్ ప్రూన్` కి --వాల్యూమ్స్ తగిలించొద్దు.

డిస్క్ నింపేది చాలాసార్లు కంటెయినర్ లాగే. డాకర్ మామూలుగా వాడే జేసన్-ఫైల్ లాగ్‌కి పరిమితి లేదు. డీమన్.జేసన్‌లో లాగ్ ఆప్షన్ల కింద మ్యాక్స్-సైజ్ "10ఎమ్" (ఇది చిన్నక్షరం), మ్యాక్స్-ఫైల్ "3" పెట్టండి. ఈ మార్పు కొత్తగా తయారయ్యే కంటెయినర్లకే వర్తిస్తుంది. పాతవాటిని `డాకర్ కంపోజ్ అప్ -డీ --ఫోర్స్-రీక్రియేట్` తో మళ్లీ తయారుచేయాలి.

*కెర్నల్ అప్‌డేట్ అయింది, రీబూట్ కాలేదు.* లాగ్‌లో ఐపీటేబుల్స్, నాట్ చెయిన్, బ్రిడ్జ్ అనే మాటలు కనిపిస్తే, కొత్త కెర్నల్ మాడ్యూళ్లు వచ్చి పాత కెర్నల్ ఇంకా నడుస్తోందేమో చూడండి. ఒక రీబూట్‌తో పోతుంది. రీబూట్ అన్నిటికీ మందు కాదు గానీ దీనికి మాత్రం అదే మందు.

*మెమరీ కార్డ్ చెడిపోవడం.* "రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్" అని ఉంటే డాకర్‌ని వదిలేయండి. కార్డ్ ఆఖరి దశలో ఉండొచ్చు. ముందు డేటా బయటికి లాగండి.

3.4 డీమన్ బాగుంది, అయినా "కెనాట్ కనెక్ట్"

ఎర్రర్‌లో ఉన్న సాకెట్ దారి చూడండి. అది /వార్/రన్/డాకర్.సాక్ కాకుండా హోమ్ ఫోల్డర్‌లోదో /రన్/యూజర్/1000 లోదో అయితే, మీ కమాండ్ వేరే డాకర్‌ని వెతుకుతోంది.

- `డాకర్ కాంటెక్స్ట్ ఎల్ఎస్` కొట్టి నక్షత్రం ఎక్కడుందో చూడండి, మీ కమాండ్ వెళ్లే డాకర్ అదే. డాకర్ డెస్క్‌టాప్ ఎప్పుడో పెట్టి తీసేసినా దాని కాంటెక్స్ట్ మిగిలిపోతుంది. `డాకర్ కాంటెక్స్ట్ యూజ్ డిఫాల్ట్` చాలు.
- `ఎకో $డాకర్_హోస్ట్` (డాలర్ తర్వాత అన్నీ పెద్దక్షరాలు) ఏదైనా చూపిస్తే `అన్‌సెట్` చేయండి. .బాష్ఆర్‌సీ ఫైల్‌లోంచి కూడా తీసేయండి, లేకపోతే మళ్లీ లాగిన్ అయ్యేసరికి తిరిగొస్తుంది.
- `స్నాప్ లిస్ట్` లో (ఆప్ట్ కాకుండా ఉబుంటులో ఉండే ఇంకో ఇన్‌స్టాల్ పద్ధతి స్నాప్) డాకర్ ఉందా? ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే జాబితాలో డాకర్‌కి టిక్ పెడితే స్నాప్ రకం పడుతుంది. ఆ తర్వాత ఆప్ట్‌తో ఇంకోటి పెడితే ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. "నా కంటెయినర్లన్నీ మాయమయ్యాయి" అనేవాళ్లలో చాలామంది కథ ఇదే. అవి /వార్/స్నాప్/డాకర్ కింద భద్రంగా ఉంటాయి. డేటా అక్కడి నుంచి తీసుకున్నాకే ఒకదాన్ని తొలగించండి.

## 4. పర్మిషన్ డినైడ్

`సుడో యూజర్‌మాడ్ -ఎజీ డాకర్ $యూజర్`

ఇందులో జీ పెద్దక్షరం, $ తర్వాతి యూజర్ అన్నీ పెద్దక్షరాలు. చిన్న ఎ మరిచిపోయారంటే సుడోతో సహా మీకున్న మిగతా గ్రూపులన్నీ ఊడిపోతాయి. ఎంటర్ నొక్కేముందు ఒకసారి చూసుకోండి.

కమాండ్ కొట్టగానే పనిచేయదు. ఎస్‌ఎస్‌హెచ్ నుంచి పూర్తిగా బయటికొచ్చి మళ్లీ లాగిన్ అవ్వాలి. `ఐడీ` కొడితే గ్రూపుల్లో డాకర్ కనిపించాలి. టీమక్స్‌లో (లాగౌట్ అయినా సెషన్‌ని నడుపుతూ ఉంచే పనిముట్టు) ఉంటే పాత సెషన్ పాత గ్రూపులనే పట్టుకుని ఉంటుంది, దాన్ని కూడా మూసి తెరవాలి.

సాకెట్‌కి చ్‌మాడ్ 666 కొట్టమని నెట్‌లో చాలా చోట్ల చెబుతారు. కొట్టొద్దు. సాకెట్ మళ్లీ తయారైనప్పుడు ఆ అనుమతి ఎగిరిపోతుంది, ఉన్నంతసేపు సర్వర్‌లోని ప్రతి ప్రోగ్రామ్‌కీ రూట్ అధికారం ఇచ్చినట్టవుతుంది. ఆమాటకొస్తే డాకర్ గ్రూపులో ఉండటం కూడా రూట్‌తో సమానమే. ఇంట్లో అందరి అకౌంట్లనీ అందులో చేర్చకండి.

## 5. అప్‌డేట్ తర్వాత పోర్టెయినర్, ట్రాఫిక్ ప్రాక్సీ గుడ్డివైపోతే

టెర్మినల్‌లో `డాకర్ పీఎస్` చక్కగా పనిచేస్తుంది, కంటెయినర్లన్నీ నడుస్తుంటాయి, పోర్టెయినర్ (కంటెయినర్లని బ్రౌజర్‌లో నడిపే పనిముట్టు) మాత్రం ఎన్విరాన్‌మెంట్ తెరవదు. లాగ్‌లో "మినిమమ్ సపోర్టెడ్ ఏపీఐ వెర్షన్ ఈజ్ 1.44" అని ఉంటుంది. 2025 నవంబర్‌లో వచ్చిన డాకర్ 29 పాత ఏపీఐ వెర్షన్లను వదిలేసింది. సాకెట్‌తో పాత పద్ధతిలో మాట్లాడే పనిముట్లు ఆ రోజు నుంచి మూగబోయాయి.

సరైన మందు ఆ పనిముట్టుని కొత్త వెర్షన్‌కి మార్చడం. అది కుదిరేలోపు తాత్కాలికంగా ఇలా చేయొచ్చు:

1. `సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ డాకర్` కొట్టండి.
2. [సర్వీస్] అనే వరుస, దాని కింద ఎన్విరాన్‌మెంట్=డాకర్_మిన్_ఏపీఐ_వెర్షన్=1.24 అనే వరుస రాయండి. మొదటి మాటల్లో మొదటి అక్షరం మాత్రమే పెద్దది (సర్వీస్, ఎన్విరాన్‌మెంట్). రెండో మాట అంతా పెద్దక్షరాలు.
3. సేవ్ చేసి `సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ డాకర్`.

దీన్ని శాశ్వతంగా ఉంచుకోకండి. పనిముట్టు అప్‌డేట్ అయ్యాక ఆ వరుస తీసేయండి.

## 6. కంటెయినర్ ఉంది, పేజీ రావట్లేదు

ఈ సెక్షన్‌లో మెట్లు వరుసగా ఎక్కండి, మధ్యలో దూకొద్దు.

6.1 `డాకర్ పీఎస్ -ఎ` కొట్టి స్టేటస్ చూడండి. "అప్" ఉంటే ముందుకు. "రీస్టార్టింగ్" లేదా "ఎగ్జిటెడ్" ఉంటే నెట్‌వర్క్‌తో పనిలేదు, `డాకర్ లాగ్స్ --టెయిల్ 50 కంటెయినర్-పేరు` చదవండి. "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అంటే ఇంటెల్ ఇమేజ్‌ని ఆర్మ్ బోర్డ్ మీద, లేదా దానికి తలకిందులుగా నడుపుతున్నారు. ఎగ్జిట్ కోడ్ 137 అంటే ఎవరో బలవంతంగా చంపారు. చిన్న బోర్డుల మీద అది సాధారణంగా ర్యామ్ చాలక జరుగుతుంది.

6.2 అదే పట్టికలో పోర్ట్స్ వరుస చూడండి. జెల్లీఫిన్‌ని ఉదాహరణగా తీసుకుంటే మూడు రకాలుగా కనిపించవచ్చు:

- `0.0.0.0:8096->8096/టీసీపీ`: ఇంట్లో అందరికీ తెరిచి ఉంది.
- `127.0.0.1:8096->8096/టీసీపీ`: సర్వర్‌కి మాత్రమే. ఫోన్ నుంచి రెఫ్యూజ్డ్ వస్తుంది.
- `8096/టీసీపీ` అని మాత్రమే: బయటికి తెరవలేదు. కంపోజ్‌లో పోర్ట్స్ రాయలేదు, లేదా రాశాక అమలు చేయలేదు.

కంపోజ్ ఫైల్ మార్చాక `డాకర్ కంపోజ్ రీస్టార్ట్` కొడితే మార్పు అమలు కాదు. అది పాత కంటెయినర్‌నే ఆపి లేపుతుంది. `డాకర్ కంపోజ్ అప్ -డీ` కొట్టాలి. గంటలు గంటలు తినేసే పొరపాటు ఇదే.

పోర్ట్ జతలో ఎడమది సర్వర్‌ది, కుడిది కంటెయినర్ లోపలిది. మీరు మార్చుకోవాల్సింది ఎప్పుడూ ఎడమదే.

6.3 సర్వర్ మీద నుంచే `కర్ల్ -వీ హెచ్‌టీటీపీ://127.0.0.1:8096` కొట్టండి.

- హెచ్‌టీటీపీ జవాబు ఏదొచ్చినా, 302 అయినా 404 అయినా, డాకర్ వైపు అంతా బాగే. సెక్షన్ 8.
- "కనెక్షన్ రీసెట్ బై పీర్" అంటే పోర్ట్ తెరిచి ఉంది గానీ లోపలి యాప్ అక్కడ వినట్లేదు. లోపలి పోర్ట్ నంబర్ తప్పు, లేదా యాప్ కంటెయినర్ లోపల 127.0.0.1 మీద మాత్రమే వింటోంది. యాప్ సెట్టింగ్‌లో దాన్ని 0.0.0.0 చేయాలి. సొంతంగా రాసిన నోడ్, ఫ్లాస్క్ యాప్‌లలో తరచూ ఇదే.
- "క్లయింట్ సెంట్ యాన్ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ టు యాన్ హెచ్‌టీటీపీఎస్ సర్వర్" అంటే అడ్రస్ మొదట్లోని హెచ్‌టీటీపీ పక్కన ఎస్ చేర్చండి. పోర్టెయినర్ 9443 పోర్ట్ అలాంటిదే.

6.4 అసలు లేవనే లేదు, "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అంటుందా? `సుడో ఎస్ఎస్ -టీయూఎల్‌పీఎన్` కొట్టి ఆ పోర్ట్ ఎవరి చేతిలో ఉందో చూడండి. ఉబుంటులో పై-హోల్, అడ్‌గార్డ్ హోమ్ పెట్టేవాళ్లకి 53 (ఇంటర్నెట్ పేర్లని ఐపీలుగా మార్చే డీఎన్ఎస్ పోర్ట్) దగ్గర సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ అడ్డం పడుతుంది. /ఈటీసీ/సిస్టమ్‌డీ/రిజాల్వ్‌డ్.కాన్ఫ్‌లో డీఎన్ఎస్‌స్టబ్‌లిజనర్=నో (డీఎన్ఎస్ అంతా పెద్దక్షరాలు, స్టబ్, లిజనర్‌లకి మొదటి అక్షరం పెద్దది) చేసి, /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్ లింకుని /రన్/సిస్టమ్‌డీ/రిజాల్వ్/రిజాల్వ్.కాన్ఫ్ వైపు తిప్పి, ఆ సర్వీస్‌ని రీస్టార్ట్ చేయండి. లింకు తిప్పడం మరిచిపోతే సర్వర్‌కే ఇంటర్నెట్ పేర్లు తెలియకుండా పోతాయి.

## 7. ఒక కంటెయినర్ ఇంకోదాన్ని అందుకోలేకపోతే

లోకల్‌హోస్ట్ అంటే ఎవరు? కంటెయినర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే. సర్వర్ కాదు, పక్క కంటెయినరూ కాదు. నెక్స్ట్‌క్లౌడ్‌లో డేటాబేస్ అడ్రస్‌గా లోకల్‌హోస్ట్ రాస్తే రెఫ్యూజ్డ్ రాక తప్పదు. కంపోజ్‌లో డేటాబేస్ సర్వీస్ పేరు డీబీ అయితే, అడ్రస్ కూడా డీబీ.

పోర్ట్ ఏది? లోపలి పోర్ట్. మరియాడీబీకి 3307:3306 అని రాసి ఉన్నా, పక్క కంటెయినర్ వాడాల్సింది 3306. నిజానికి డేటాబేస్‌కి పోర్ట్స్ వరుసే అక్కర్లేదు, తీసేస్తే ఇంకా భద్రం.

ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా? కంపోజ్ ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో నెట్‌వర్క్ వేస్తుంది. వేర్వేరు ఫోల్డర్లలోని రెండు కంపోజ్‌లు ఒకదాన్నొకటి చూడలేవు. `డాకర్ నెట్‌వర్క్ క్రియేట్ ప్రాక్సీ` అని ఒకటి చేసి, రెండు ఫైళ్లలోనూ దాన్ని ఎక్స్‌టర్నల్: ట్రూ గా చేర్చండి. `డాకర్ రన్` తో విడిగా లేపినవి బ్రిడ్జ్ అనే పాత నెట్‌వర్క్‌లో పడతాయి, అక్కడ పేర్లతో పిలవడం కుదరదు.

172.18.0.3 లాంటి ఐపీలు ఎక్కడా రాయకండి. రీస్టార్ట్ అయితే అవి ఎవరికి దక్కుతాయో చెప్పలేం.

పరీక్ష. చాలా ఇమేజ్‌లలో కర్ల్, పింగ్ ఉండవు. అదే నెట్‌వర్క్‌లోకి ఆల్పైన్ అనే చిన్న లినక్స్ కంటెయినర్‌ని పంపండి:

`డాకర్ రన్ --ఆర్‌ఎమ్ --నెట్‌వర్క్ ప్రాక్సీ ఆల్పైన్ ఎన్‌సీ -జెడ్‌వీ డీబీ 3306`

"ఓపెన్" అంటే దారి బాగుంది, తప్పు యాప్ సెట్టింగ్‌లో ఉంది. "బ్యాడ్ అడ్రస్" అంటే పేరు దొరకలేదు, నెట్‌వర్క్ వేరు. "రెఫ్యూజ్డ్" అంటే డేటాబేస్ ఇంకా లేవలేదు, లేదా పోర్ట్ తప్పు.

డేటాబేస్ ఆలస్యం. డిపెండ్స్_ఆన్ అని ఊరికే రాస్తే, డేటాబేస్ కంటెయినర్ మొదలయ్యేదాకానే ఆగుతుంది, అది సిద్ధమయ్యేదాకా కాదు. డేటాబేస్‌కి హెల్త్‌చెక్ పెట్టి, కండిషన్: సర్వీస్_హెల్తీ అని రాయండి. మొదటిసారి మరియాడీబీ తన ఫైళ్లు తయారుచేసుకోవడానికి పై బోర్డ్ మీద బాగానే టైం తీసుకుంటుంది.

"యాక్సెస్ డినైడ్ ఫర్ యూజర్" వస్తే అది కనెక్షన్ ఎర్రర్ కాదు, కనెక్ట్ అయ్యాక పాస్‌వర్డ్ కుదరలేదు. కంపోజ్‌లో పాస్‌వర్డ్ మార్చినా డేటాబేస్‌లో మారదు. ఆ వేరియబుల్స్‌ని డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రమే చదువుతుంది.

502 బ్యాడ్ గేట్‌వే. ఎంజిన్‌ఎక్స్ (బ్రౌజర్ అడిగినదాన్ని సరైన కంటెయినర్‌కి పంపే ప్రాక్సీ) వెనకున్న కంటెయినర్‌ని అప్‌డేట్ చేశాకే ఇది మొదలైతే, ఎంజిన్‌ఎక్స్ పాత ఐపీని పట్టుకుని కూర్చుంది. దాన్ని రీస్టార్ట్ చేయండి.

కంటెయినర్ నుంచి సర్వర్‌కి. ఒల్లామా (ఏఐ మోడళ్లు నడిపేది) సర్వర్ మీద నేరుగా నడుస్తోంది, ఓపెన్ వెబ్‌యూఐ (దాని చాట్ పేజీ) కంటెయినర్‌లో ఉంది అనుకోండి. మూడు చోట్ల సర్దాలి:

1. కంపోజ్‌లో ఎక్స్‌ట్రా_హోస్ట్స్ కింద "హోస్ట్.డాకర్.ఇంటర్నల్:హోస్ట్-గేట్‌వే" చేర్చండి. లినక్స్‌లో ఈ పేరు దానంతటది రాదు.
2. ఒల్లామా మామూలుగా 127.0.0.1:11434 మీదే వింటుంది. దాని సర్వీస్‌లో ఒల్లామా_హోస్ట్=0.0.0.0 (పేరు పెద్దక్షరాల్లో) పెట్టండి.
3. యూఎఫ్‌డబ్ల్యూ (ఉబుంటు ఫైర్‌వాల్) ఆన్ చేసి ఉంటే `సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఫ్రమ్ 172.16.0.0/12 టు ఎనీ పోర్ట్ 11434 ప్రోటో టీసీపీ`.

రెండోది మరిచిపోతే రెఫ్యూజ్డ్ వస్తుంది, మూడోది మరిచిపోతే టైమ్డ్ అవుట్. సెక్షన్ 2లోని తలుపు లెక్కే ఇక్కడా.

## 8. సర్వర్‌లో వస్తోంది, ఫోన్‌లో రావట్లేదు

- ఐపీ మారిందా? `హోస్ట్‌నేమ్ -ఐ` (పెద్దక్షరం) తో చూడండి. రౌటర్‌లో సర్వర్ మ్యాక్ అడ్రస్‌కి ఒక ఐపీని రిజర్వ్ చేస్తే ఈ బాధ మళ్లీ రాదు.
- ఫోన్ గెస్ట్ వైఫైలో ఉందా? అక్కడి నుంచి ఇంటి పరికరాలు సాధారణంగా కనిపించవు. కొన్ని రౌటర్లలో ఏపీ ఐసోలేషన్ ఆన్ చేసి ఉన్నా ఇంతే.
- ఫోన్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉందా? ఆపి చూడండి.
- బ్రౌజర్ తనంతట హెచ్‌టీటీపీఎస్‌కి మారుస్తోందా? అడ్రస్‌ని ముందు నుంచి పూర్తిగా టైప్ చేయండి.

యూఎఫ్‌డబ్ల్యూ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. డాకర్ పోర్ట్స్‌తో తెరిచిన దారి యూఎఫ్‌డబ్ల్యూ నియమాల దాకా రాదు, దానికి ముందే మళ్లిపోతుంది. అంటే మీరు "డినై 8096" అని రాసినా జెల్లీఫిన్ తెరిచే ఉంటుంది. కాబట్టి పోర్ట్స్‌తో తెరిచిన కంటెయినర్ రాకపోతే యూఎఫ్‌డబ్ల్యూని అనుమానించకండి. నెట్‌వర్క్_మోడ్: హోస్ట్ అని నడిచే వాటికి మాత్రం యూఎఫ్‌డబ్ల్యూ అడ్డుపడుతుంది, వాటికి అలౌ రాయాలి. నిజంగా మూయాలంటే పోర్ట్ ముందు 127.0.0.1: చేర్చడమే తేలిక.

ఫైర్‌వాల్ నియమాలు చెరిపి మళ్లీ వేశాక కంటెయినర్లన్నీ ఒక్కసారిగా అందకుండా పోతే, డాకర్ వేసుకున్న నియమాలు కూడా కొట్టుకుపోయాయి. డాకర్ సర్వీస్‌ని రీస్టార్ట్ చేయండి, మళ్లీ వేసుకుంటుంది.

ఇంటి బయట నుంచి రావట్లేదంటే రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు, అంటే ఒకే ఐపీని ఇంటర్నెట్ కంపెనీ చాలా ఇళ్లకి పంచుతోంది. మన దగ్గర ఇళ్లకిచ్చే ఫైబర్ కనెక్షన్లలో ఇది మామూలే. పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా ఫలితం ఉండదు. టెయిల్‌స్కేల్ గానీ క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ గానీ వాడాలి, లేదా స్టాటిక్ ఐపీ కొనుక్కోవాలి.

## 9. ఇమేజ్ దిగకపోతే

`కర్ల్ -ఐ హెచ్‌టీటీపీఎస్://రిజిస్ట్రీ-1.డాకర్.ఐఓ/వీ2/` (ఐ పెద్దక్షరం) కొట్టండి. 401 వస్తే కంగారు పడకండి, దారి బాగున్నట్టే.

"నో సచ్ హోస్ట్" వస్తే సర్వర్ డీఎన్ఎస్ చెడింది. డీమన్.జేసన్‌లో "డీఎన్ఎస్" రాసినా లాభం లేదు, అది కంటెయినర్లకే. ఇమేజ్‌లు దించేది సర్వర్ సొంత డీఎన్ఎస్‌తో. సర్వర్ డీఎన్ఎస్‌గా అదే సర్వర్‌లోని పై-హోల్‌నే పెట్టుకుంటే, పై-హోల్ ఆగిన రోజు దాని కొత్త ఇమేజ్ దించడానికి కూడా దారి ఉండదు. సర్వర్‌కి మాత్రం 1.1.1.1 లాంటిది విడిగా ఇవ్వండి.

"టూ మెనీ రిక్వెస్ట్స్" అంటే డాకర్ హబ్ పరిమితి. లాగిన్ కాకుండా ఒక ఐపీకి 6 గంటలకి 100 పుల్స్. సీజీనాట్‌లో ఆ ఐపీ మీ ఒక్కరిదీ కాదు కాబట్టి, మీరు ఒక్కటీ దించకపోయినా కోటా అయిపోయి ఉండొచ్చు. ఉచిత అకౌంట్‌తో `డాకర్ లాగిన్` చేస్తే లెక్క మీ పేరు మీదకొస్తుంది.

సర్టిఫికెట్ "నాట్ యెట్ వ్యాలిడ్" అంటే గడియారం వెనకబడింది. రాస్‌బెరీ పై 4, అంతకుముందు బోర్డులకి బ్యాటరీ గడియారం లేదు. `టైమ్‌డేట్‌సీటీఎల్` లో టైం సింక్ అయిందో లేదో చూడండి.

## 10. కరెంట్ పోయి వచ్చాక అన్నీ సరిగ్గా లేవాలంటే

- `సిస్టమ్‌సీటీఎల్ ఈజ్-ఎనేబుల్డ్ డాకర్` జవాబు "ఎనేబుల్డ్" ఉండాలి.
- ప్రతి సర్వీస్‌కీ రీస్టార్ట్: అన్‌లెస్-స్టాప్డ్. మీరు చేత్తో ఆపినది ఆగే ఉంటుంది, మిగతావి లేస్తాయి.
- రౌటర్‌లో ఐపీ రిజర్వేషన్.
- యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ ఉంటే /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీతో (డిస్క్ గుర్తింపు సంఖ్య), నోఫెయిల్ ఆప్షన్‌తో రాయాలి.

ఆఖరిదాంట్లో ఒక చిక్కుంది. నోఫెయిల్ ఉంటే డిస్క్ లేవకపోయినా సర్వర్ లేస్తుంది, డాకర్ కూడా లేస్తుంది. కంటెయినర్లు ఖాళీ /ఎమ్ఎన్‌టీ/డేటా ఫోల్డర్‌ని చూసి కొత్త ఇన్‌స్టాలేషన్ అనుకుని, మొదటిరోజు సెటప్ పేజీ చూపిస్తాయి. ఆ పేజీ చూసి డేటా పోయిందనుకుని సెటప్ నింపకండి. డాకర్‌ని ఆపి (`సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ డాకర్.సాకెట్ డాకర్`), `ఫైండ్‌ఎమ్ఎన్‌టీ /ఎమ్ఎన్‌టీ/డేటా` కొట్టండి. ఏమీ రాకపోతే డిస్క్ తగలలేదన్నమాట. `సుడో మౌంట్ -ఎ` కొట్టి, డిస్క్ కనిపించాక డాకర్‌ని లేపండి.

ఇది మళ్లీ జరగకుండా `సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ డాకర్` లో [యూనిట్] కింద రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్=/ఎమ్ఎన్‌టీ/డేటా అని ఒక వరుస చేర్చండి. యూనిట్, రిక్వైర్స్, మౌంట్స్, ఫర్ నాలుగింటికీ మొదటి అక్షరం పెద్దది, చివరి మూడింటి మధ్యలో ఖాళీ ఉండదు. ఇక డిస్క్ రాకపోతే డాకరే లేవదు. అప్పుడు కనిపించేది సెక్షన్ 3 ఎర్రర్, లాగ్‌లో "డిపెండెన్సీ ఫెయిల్డ్" అని ఉంటుంది.